తెర దిగిన తరువాత: విద్యార్థి నాటక సమాజములలో మానసికారోగ్యము

1880వ సంవత్సరమున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులు తాము రచించిన 'వ్యవహార ధర్మబోధిని'ని తమ విద్యార్థులచే ప్రదర్శింపజేసిరి. తెలుగునాట ఆధునిక నాటక ప్రదర్శనము విద్యార్థుల చేతులమీదుగనే మొదలైనదని చెప్పుట అతిశయోక్తి కాదు. నాటినుండి నేటివరకు కళాశాలకును నాటకమునకును గల చుట్టరికము తెగిపోలేదు. పుణె నగరమున 1963 నుండి 'పురుషోత్తమ్ కరండక్' అను పేర కళాశాలల మధ్య ఏకాంకిక పోటీలు జరుగుచున్నవి. ఢిల్లీ కళాశాలల విద్యార్థులు వీథి నాటకములు ఆడుచున్నారు. మన పట్టణములలో వార్షికోత్సవమన్నచో ఒక నాటికయైనను ఉండవలసినదే.

ప్రదర్శనము ముగిసిన పిదప నాటకమెట్లున్నదని అందరును అడుగుదురు. ఆడినవారెట్లున్నారని అడుగువారు తక్కువ. ఈ చిన్న పుస్తకమున ఆ రెండవ ప్రశ్నయే చర్చింపబడుచున్నది.

ఆరోగ్యమనగా కేవలము రోగము లేకుండుట కాదనియు, శారీరకముగను, మానసికముగను, సాంఘికముగను క్షేమముగా ఉండుటయే ఆరోగ్యమనియు 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి చెప్పుచున్నది. ఈ మూడింటిని ఒక్కమారుగా స్పృశించు పనులు విద్యార్థి జీవితమున కొన్ని మాత్రమే కలవు. నాటకము వానిలో ఒకటి. కనుకనే అది చేయు మేలు పెద్దది. అజాగ్రత్తగా ఉన్నచో కలుగు కీడును చిన్నది కాదు.

నాటకము చేయు మేలు

దుఃఖముచేతను, శ్రమచేతను అలసినవారికి విశ్రాంతి కలిగించుట నాట్యప్రయోజనములలో ఒకటియని భరతముని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. కళలకును ఆరోగ్యమునకును గల సంబంధమును గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదికను ప్రకటించినది. మూడువేలకు పైబడిన పరిశోధనలను పరిశీలించిన ఆ నివేదిక, వ్యాధులను నివారించుటలోను, ఆరోగ్యమును పెంపొందించుటలోను, చికిత్సకు తోడ్పడుటలోను కళలకు స్థానము కలదని తేల్చినది.

ఇందుకు కారణములు సులభముగనే తెలియును. పల్లెనుండి పట్టణమునకు చదువుకొనవచ్చిన పిల్లవానికి వసతిగృహమున మొదటి నెలలు ఒంటరితనముతో గడచును. నాటక సమాజములో చేరినచో పదిమంది తోడు దొరకుదురు. తరగతిలో నోరువిప్పని బాలిక పాత్ర నెపమున గొంతెత్తి మాటలాడుట నేర్చుకొనును. కోపము, భయము, సిగ్గు, శోకము మొదలగు భావములకు పేర్లు పెట్టుటయు, వానిని ఇతరుల యందు గుర్తించుటయు అభ్యాసమగును. నటింపరానివానికి సహితము దీపములు చూచుటయో, తెరలాగుటయో, దుస్తులు సవరించుటయో ఒక పని ఉండును. నాకును ఇచ్చట పనియున్నది, నేను రాకున్నచో వీరికి లోటు అను భావము మనస్సునకు గొప్ప బలము.

భారము ఎచ్చట పడును

మానసిక వ్యాధులలో దాదాపు సగము 18 సంవత్సరములు నిండకమునుపే మొదలగునని పరిశోధనలు తెలుపుచున్నవి. అనగా విద్యార్థులు నాటక సమాజములలో చేరు వయస్సును, ఈ వ్యాధులు తలయెత్తు వయస్సును ఒక్కటియే. నాటకము వ్యాధిని పుట్టించునని దీని అర్థము కాదు. కాని బీజము ఉన్నచోట అలసట, అవమానము, నిద్రలేమి అను మూడును దానికి నీరు పోయును.

ఒక కళాశాల నాటక సమాజమును ఊహించుకొనుడు. పోటీకి నెలదినములు గడువున్నది. ప్రధాన పాత్రధారి తండ్రి వేషము ధరింపవలెను. మొదటి వారములోనే అతనికి సంభాషణలన్నియు కంఠస్థమైనవి. మూడవ వారమునకు తడబాటు మొదలైనది. దర్శకుడు అజాగ్రత్తయని మందలించెను. తోటివారు నవ్విరి. తెరవెనుక పుస్తకము పట్టుకొని మాటలందించు ప్రాంప్టరు మాత్రము ఒక సంగతి గమనించెను. ఆ విద్యార్థి మరచిపోవుచున్నది క్రొత్తగా చేర్చిన మాటలను కాదు. నిన్నటివరకు అలవోకగా పలికిన మాటలనే మరచిపోవుచున్నాడు. విరామమున అందరును టీకి పోయినపుడు అతడు వేదిక అంచున ఒంటిగా కూర్చుండుచున్నాడు. రాత్రి తెచ్చిన భోజనపు పొట్లము మరునాటి ఉదయము విప్పకయే కనబడుచున్నది.

ఇట్టి విద్యార్థి సోమరియా? అహంకారియా? లేక అస్వస్థుడా? ఈ ప్రశ్న అడుగు అలవాటు సమాజమునకు ఉన్నదా లేదా అనుదానిపై ఒక్కొక్కప్పుడు ఒక ప్రాణమే ఆధారపడియుండును.

నిద్రను గూర్చి

పగలు తరగతులు, సాయంకాలము ప్రయోగశాల, అటుపిమ్మట రిహార్సలు. ప్రదర్శనము సమీపించినకొలది రిహార్సలు అర్ధరాత్రి దాటును. నిద్ర మానుకొనుట కళపై భక్తికి గురుతని కొందరు తలంచుదురు. ఇది పొరపాటు. 18 నుండి 25 ఏండ్లవారికి రాత్రికి 7 మొదలు 9 గంటల నిద్ర అవసరము. అంతకు చిన్నవారికి ఇంకను ఎక్కువ కావలెను. పగలు వల్లించినది మెదడులో స్థిరపడునది నిద్రలోనే. కాబట్టి సంభాషణలకొరకు నిద్ర మానుకొనువాడు విత్తిన చేనును తానే త్రొక్కుకొనుచున్నాడు.

నిద్రలేమివలన చిరాకు, నిరాశ, అనుమానము హెచ్చును. సాయంకాలము త్రాగిన కాఫీ, టీల ప్రభావము అర్ధరాత్రివరకు దేహమున నిలిచియుండును. ఉన్మాద దశయు, కుంగుబాటును మారిమారి వచ్చు బైపోలార్ వ్యాధికి లోనగు స్వభావము గలవారిలో కొన్ని రాత్రుల జాగరణమే ఉన్మాద దశను ప్రారంభింపవచ్చును. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. రెండు మూడు గంటలు మాత్రమే నిద్రించియు అలసట లేకుండ తిరుగుచు, ఎడతెగక మాటలాడుచు, నాటకమంతయు తానొక్కడే మార్చి వ్రాసెదననుచు, చేతిలోని డబ్బంతయు ఖర్చుచేయుచున్న విద్యార్థిని చూచి సమాజము మెచ్చుకొనుట కద్దు. అది ప్రతిభ కాకపోవచ్చును. ముందెన్నడును లేని ఈ మార్పు కొన్ని దినములు సాగినచో వైద్యునికి చూపవలెను.

రంగభయము

తెర లేచుటకు ముందు గుండె దడదడలాడుట, నోరెండిపోవుట, అరచేతులు చల్లబడి చెమర్చుట, మాటిమాటికి మూత్రవిసర్జనకు పోవలెననిపించుట రోగలక్షణములు కావు. అపాయము ఎదురైనదని భావించిన మెదడు అడ్రినల్ గ్రంథులను హెచ్చరించును. వానినుండి వెలువడిన స్రావము దేహమును సిద్ధపరచును. పెక్కుమందిలో మొదటి కొన్ని సంభాషణలు పలుకులోపల ఈ అలజడి తగ్గిపోవును.

దీనికి మంచి ఉపాయములు కలవు. ఊపిరిని లోపలికి పీల్చినదానికంటె నెమ్మదిగా బయటికి విడుచుచు కొన్ని నిమిషములు కూర్చుండినచో గుండె వేగము తగ్గును. మొదట ఇద్దరు మిత్రులయెదుట, తరువాత పదిమందియెదుట, అటుపిమ్మట నిండు సభయెదుట నటించుచు భయమును మెట్లుమెట్లుగా జయింపవలెను. భయమని తప్పించుకొనినకొలది అది పెరుగును. అట్లని ఒక్కమారుగా నెట్టివేయుటయు తగదు.

గుండెదడ తగ్గించు మాత్రలను స్నేహితుని మాటపై మ్రింగరాదు. అట్టి మందులలో కొన్ని ఉబ్బసము గలవారికి ప్రమాదకరము. ధైర్యముకొరకని మద్యము సేవించుట అంతకంటె చెడ్డది. గంజాయి కొందరు యువకులలో చిత్తభ్రాంతిని కలిగింపవచ్చును. కుటుంబములో అట్టి వ్యాధి ఉన్నవారికి ఈ ప్రమాదము మరింత హెచ్చు. భయము వేదికకు మాత్రమే పరిమితము కాక తరగతికి, భోజనశాలకు, వీథికి సహితము వెంటవచ్చుచున్నచో అది ఆందోళన వ్యాధి కావచ్చును. దానికి మంచి చికిత్స కలదు.

పాత్రయు వ్యక్తియు

పాత్ర దుఃఖమును రప్పించుటకు నటుడు తన సొంత దుఃఖమును తలచుకొను పద్ధతి ఒకటి కలదు. రష్యాదేశపు దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పేరుతో ఇది లోకమున ప్రచారమైనది. ఆ మహాశయుడే తన చివరి కాలమున జ్ఞాపకములను త్రవ్వుటకంటె పాత్ర చేయు పనులకు, కదలికలకు ప్రాధాన్యమిచ్చెనను సంగతి మాత్రము అంతగా ప్రచారము కాలేదు.

తల్లి మరణించి ఆరుమాసములైనను కాని విద్యార్థినిని ఆ మరణమును తలచుకొని ఏడువుమని దర్శకుడు కోరినచో కన్నీరు వచ్చుననుటలో సందేహము లేదు. కాని ఆ పచ్చిపుండును ప్రతి సాయంకాలము రేపి, రాత్రి ఆమెను ఒంటరిగా వసతిగృహమునకు పంపుట నటనాశిక్షణము కాదు. మానుచున్న గాయమును నటుడు వాడుకొనరాదు. దర్శకుడు అడుగరాదు. అట్టి సన్నివేశము చేయలేనని చెప్పు హక్కు ప్రతి విద్యార్థికి ఉండవలెను. ఒకరినొకరు స్పృశించు సన్నివేశములను, కొట్టు సన్నివేశములను ముందుగా మాటలాడుకొని, ఇరువురును సమ్మతించిన మేరకే అభ్యసింపవలెను.

పాత్రను ధరించుటకు గంటసేపు తీసుకొను సమాజములు దానిని విడుచుటకు ఐదు నిమిషములైనను ఇచ్చుట లేదు. నాటకమును చికిత్సగా ఉపయోగించు నిపుణులు ప్రతి సమావేశము చివరను పాత్రనుండి బయటికి వచ్చు అభ్యాసమును తప్పక చేయింతురు. విద్యార్థులును దానిని సులభముగా చేయవచ్చును. పాత్ర వాడిన చేతికర్రనో, కండువానో, కళ్లజోడునో ఎవరిది వారు తమ చేతులతో పెట్టెలో పెట్టవలెను. కొబ్బరినూనె రాచి ముఖపు రంగు తుడిచి, చల్లని నీటితో కడుగుకొనవలెను. అందరును వలయముగా నిలిచి ఒక్కొక్కరు తమ సొంత పేరు పలికి, రేపు తాము చేయవలసిన మామూలు పని ఒకటి చెప్పవలెను. ఒకడు ప్రయోగశాల రికార్డు వ్రాయవలెననును. ఒకతె ఊరినుండి తమ్ముడు వచ్చునని చెప్పును. తరువాత కలిసి భోజనము చేయవలెను. ఇందులకు పావుగంట చాలును. వేషము తీయుటయు నాటకములో భాగమే.

తెర దిగిన మరుసటి వారము

నెలదినములు ప్రతి సాయంకాలము పదిమందితో గడపిన విద్యార్థికి ప్రదర్శనము ముగిసిన మరునాడు సాయంకాలము ఏమియు ఉండదు. చప్పట్లు ఆగినవి. బల్లపై చదువని పాఠములు పేరుకొనియున్నవి. బహుమతి రాకున్నచో ఎవరివలన పోయినదను తర్కము మొదలగును. బహుమతి వచ్చినను పత్రికలో ఫొటో ప్రధాన పాత్రధారిదే. దీపములు చూచినవాని పేరు ఎవరును అడుగరు. ఈ వెలితి సహజమైనది. సాధారణముగా కొద్ది దినములలో తగ్గిపోవును. కాని లోలోపల కుంగుచున్న విద్యార్థికి అంతవరకు ఆసరాగా నిలిచినది నాటకమే అయినచో, అది తొలగిన వారమే అతనికి గడ్డుకాలము.

కనుక సమాజములు ప్రదర్శనముతోనే పని ముగిసినదని భావింపరాదు. మూడవ దినమున ఒకమారును, పదిదినములకు మరియొకమారును అందరును కలిసికొనవలెను. ఆ సమావేశమునకు రానివారు ఎవరో లెక్క చూడవలెను. రానివానిని నిందించుటకు కాదు, అతని గదికి పోయి పలుకరించుటకు.

గుర్తింపవలసిన సూచనలు

ఒకటి రెండు దినముల విచారము వ్యాధి కాదు. ఈ క్రింది మార్పులు దినములో అధికభాగము, రెండు వారములు లేక అంతకు మించి నిలిచియున్నచో వైద్యసలహా పొందవలెను:

1. ఎప్పుడును విచారముగా, శూన్యముగా ఉండుట, లేక ప్రతి చిన్న సంగతికి చిరాకుపడుట.
2. ఇదివరకు ఇష్టమైన పనులయందు, నాటకమునందు సహితము, ఆసక్తి నశించుట.
3. నిద్ర పట్టకుండుట, తెల్లవారకమునుపే మెలకువ వచ్చుట, లేక అతినిద్ర.
4. ఆకలి తగ్గుట, బరువులో మార్పు, కారణము తెలియని తలనొప్పి, ఒళ్లునొప్పులు.
5. ఏకాగ్రత లోపించుట, తెలిసిన సంభాషణలనే మరచుట, చదువు వెనుకబడుట.
6. స్నేహితులకు దూరముగా ఉండుట, ఇంటికి ఫోను చేయుట మానుట.
7. నేను పనికిరాను, అందరికి భారము అను మాటలు.

మరణమును గూర్చి మాటలాడుట, తనను తాను గాయపరచుకొనుట, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టుట, అందరివద్ద సెలవు తీసుకొనుచున్నట్లు ప్రవర్తించుట కనబడినచో రెండు వారములు వేచియుండరాదు. ఆ క్షణముననే సహాయము పిలువవలెను. ఇతరులకు వినబడని మాటలు తనకు వినబడుచున్నవని చెప్పుట, అందరును తనపై కుట్ర చేయుచున్నారని గట్టిగా నమ్ముట కనబడినను వైద్యుని వద్దకు తీసికొనిపోవుటలో ఆలస్యము చేయరాదు.

మాటలాడు విధము

పైన చెప్పిన ప్రాంప్టరు ఏమి చేయవలెను? అతడు వైద్యుడు కాడు. వ్యాధి పేరు నిర్ణయించుట అతని పని కాదు. అతడు చేయగలిగినది ఒకటి కలదు. రిహార్సలు ముగిసిన పిదప ఆ విద్యార్థితో కలిసి నడచుచు, నలుగురిలో కాక ఏకాంతమున, తాను చూచినదానినే చెప్పవలెను. "రెండు వారాలుగా నువ్వు సరిగా తినడం లేదు, ఎవరితోనూ కలవడం లేదు. నాటకం సంగతి తర్వాత చూద్దాం. నువ్వెలా ఉన్నావురా?" అని అడిగినచో చాలును. తరువాత మౌనముగా వినవలెను. "ఇవన్నీ అందరికీ ఉండేవే", "నీకేం తక్కువైంది?", "మగవాడివి, ధైర్యంగా ఉండాలి" అను మాటలు తలుపు తెరచినట్లే తెరచి మూయును.

మరణించు తలంపులున్నవేమోనను సందేహము కలిగినచో నేరుగనే అడుగవలెను. "చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా?" అని అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు. పెక్కుమందికి అట్టి ప్రశ్న ఉపశమనము కలిగించును. అవునని చెప్పినచో ఆ వ్యక్తిని ఒంటరిగా విడువరాదు. హాని కలిగించు వస్తువులను దూరముగా ఉంచవలెను. పెద్దవారికి, వైద్యునికి తెలుపవలెను. ఎవరికిని చెప్పనని ఒట్టు పెట్టుకొనరాదు. "నీ విషయం ఊరంతా చెప్పను, కానీ నీకు సాయం చేయగలవాళ్లకు చెబుతాను, నీతో పాటు నేనూ వస్తాను" అని చెప్పుట న్యాయము.

ఆ విద్యార్థి తన బాధ ఇన్నాళ్లు దాచుటకు కారణము తరచుగా ఇదియై యుండును: తాను తప్పుకొన్నచో నాటకము ఆగిపోవును, పదిమంది శ్రమ వ్యర్థమగును. కనుక ప్రతి ప్రధాన పాత్రకు మరియొకరిని సిద్ధముగా ఉంచుట కళకు సంబంధించిన ఏర్పాటు మాత్రమే కాదు, ఆరోగ్యరక్షణ కూడ. నేడు నీవు విశ్రమింపుము, నాటకము సాగునని చెప్పగలిగిన సమాజములో మాత్రమే రోగి తన రోగమును చెప్పుకొనగలడు. విశ్రమించినవానిని సమాజమునుండి తొలగింపరాదు. కోలుకొనుచున్నంతకాలము అతనికి తగిన చిన్న పని ఇచ్చి తమలో ఒకనిగా నిలుపుకొనవలెను.

దర్శకుని బాధ్యత

తిట్టినగాని నటన రాదను నమ్మకము కొందరు దర్శకులలో కలదు. నలుగురిలో అవమానింపబడినవాడు తప్పు దిద్దుకొనుటకంటె తప్పు దాచుటనే నేర్చుకొనును. లోపమును చెప్పవలసినదే. అయితే మాటను గూర్చి, కదలికను గూర్చి చెప్పవలెనుగాని మనిషి రూపమును, కులమును, యాసను, ఇంటి స్థితిని గూర్చి కాదు. పల్లె యాసను వెక్కిరించుట ఎందరి గొంతులనో వేదికనుండి దూరము చేసినది.

రిహార్సలు రాత్రి 10 గంటలలోపున ముగింపవలెను. వారమున ఒక దినము సెలవు ఉండవలెను. పరీక్షలకు ముందు రెండు వారములు ప్రదర్శనము పెట్టుకొనరాదు. విద్యార్థినులు సురక్షితముగా వసతిగృహము చేరు ఏర్పాటు ముందే చేయవలెను. క్రొత్తగా చేరినవారిని పరీక్షించు నెపమున ఏడిపించుట ర్యాగింగే అగును. దానిపై ఫిర్యాదు చేయుటకు 1800-180-5522 అను ఉచిత ఫోను కలదు. లైంగిక వేధింపుపై ఫిర్యాదు స్వీకరించుటకు ప్రతి కళాశాలలో అంతర్గత ఫిర్యాదుల సంఘము ఉండవలెను. దాని సభ్యుల పేర్లు రిహార్సలు గది గోడపై వ్రాసి ఉంచుట మంచిది.

వేదికపై చూపునది

కన్నీరు రప్పించుటకై నాయకుని చివరకు ఆత్మహత్యతో ముగించు నాటికలు పోటీలలో తరచుగా కనబడును. సభలో కూర్చున్నవారిలో అదే తలంపుతో పోరాడుచున్నవాడు ఒకడుండవచ్చును. వేషము ధరించినవాడే అతడు కావచ్చును. చలనచిత్రములు తీయువారికి, రంగస్థలముపై పనిచేయువారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ విషయమున సూచనలు ప్రకటించినది. మరణించు విధమును చూపరాదు. దానిని త్యాగముగనో, సమస్యకు పరిష్కారముగనో చిత్రింపరాదు. కష్టమునుండి గట్టెక్కిన మనిషిని, సహాయము చేసిన చేతిని చూపవలెను. అట్టి నాటకము చప్పగా ఉండునను భయము అక్కరలేదు. బ్రతుకుటకు పోరాడువాని కథలో సంఘర్షణకు కొరత లేదు.

మతిస్థిమితము లేనివానిని నవ్వులకొరకు ప్రవేశపెట్టు అలవాటును మానుకొనవలెను. 'పిచ్చి' అను మాట నవ్వులాటగా చెల్లుబాటగు గదిలో నిజముగా బాధపడువాడు నోరు తెరువడు.

సహాయము ఎచ్చట లభించును

మానసిక వ్యాధులకు చికిత్స కలదు. సలహాదారుతో క్రమముగా మాటలాడుటవలన కొందరు కోలుకొందురు. కొందరికి మందులు కూడ కావలెను. కుంగుబాటునకు ఇచ్చు మందులు సాధారణముగా కొన్ని వారములకుగాని పూర్తి ఫలమునీయవు. కనుక రెండు దినములకే గుణము కనబడలేదని మానరాదు. గుణము కనబడినవెంటనే మానుటయు కూడదు. ఎప్పుడు, ఎట్లు ఆపవలెనో వైద్యుడే చెప్పును.

చికిత్స ఉన్నను అది అందరికి చేరుట లేదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, పెక్కు వ్యాధుల విషయమున పదిమంది రోగులలో ఏడుగురికి మించి చికిత్స పొందుటలేదని తేలినది. సిగ్గును, తెలియమియు ఇందుకు ముఖ్యకారణములు.

భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన 'టెలి మానస్' అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనను, డబ్బు చెల్లింపకుండ ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడవచ్చును. బాధపడువాడే కానక్కరలేదు. స్నేహితునిగూర్చి ఆందోళనపడు ప్రాంప్టరు సహితము ఫోను చేసి సలహా అడుగవచ్చును. తక్షణ ప్రాణాపాయమున్నచో 112కు ఫోను చేయవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 108 అంబులెన్సు కలదు. జిల్లా మానసికారోగ్య కార్యక్రమము అమలులోనున్న జిల్లాలలో ప్రభుత్వాసుపత్రిలో మనోవైద్య సేవలు లభించును. విశాఖపట్టణమునను, హైదరాబాదులోని ఎర్రగడ్డయందును ప్రత్యేక ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు.

2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, ప్రభుత్వ సేవలలో చికిత్స పొందుటను ప్రతివ్యక్తికి హక్కుగా చేసినది. రోగి వివరములను గోప్యముగా ఉంచవలెనని విధించినది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో ఉన్నాడని భావించి, శిక్షకు బదులు సంరక్షణ కల్పింపవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కనుక కేసు అగునను భయముతో ఆసుపత్రికి పోక ఆలస్యము చేయరాదు. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హతగల సలహాదారునొకరినైనను నియమింపవలెనని 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శక సూత్రములలో పేర్కొన్నది. తమ కళాశాలలో ఆ వ్యక్తి ఎవరో, ఏ గదిలో ఉందురో నాటక సమాజము ముందే తెలిసికొని, రిహార్సలు ప్రారంభదినమున పరిచయము చేసికొనుట మేలు. ఇల్లు కాలుచుండగా బావి ఎక్కడనని వెదకనక్కరలేకపోవును.

తల్లిదండ్రులకు

నాటకములవలన చదువు చెడునని భయపడు తల్లిదండ్రులు కలరు. ఆ భయము సహజమే. కాని కట్టడిచేసినచో బిడ్డ నాటకమును మానడు, చెప్పుట మానును. రహస్యముగా ఆడుచున్నవాడు అలసినపుడు ఇంటికి చెప్పుకొనలేడు. కనుక ఎన్ని గంటలకు రిహార్సలు, ఎవరు దర్శకుడు, ఎప్పుడు ప్రదర్శనము అని అడిగి తెలిసికొనవలెను. వీలైనచో ప్రదర్శనము చూచుటకు పోవలెను. బిడ్డ చిన్న వేషము వేసినను, తెర మాత్రమే లాగినను, ఆ తెర సమయమునకు లేచినదని చెప్పిన తండ్రి మాట ఆ బిడ్డకు బహుమతికంటె ఎక్కువ. చికిత్స అవసరమని కళాశాలవారు తెలిపినపుడు పరువును గూర్చి కాక ప్రాణమును గూర్చి ఆలోచింపవలెను. జ్వరమునకు వైద్యుని పిలుచుటలో లేని సిగ్గు మనోవ్యాధికి పిలుచుటలో ఉండనక్కరలేదు.

ముగింపు

సంస్కృత నాటకములు నాందితో మొదలై భరతవాక్యముతో ముగియుట సంప్రదాయము. భరతవాక్యమున పాత్రధారి తన కథను విడిచి అందరి క్షేమమును కోరును. రాజు వేషము వేసినవాడును, సేవకుని వేషము వేసినవాడును అంతటితో మరల మామూలు మనుష్యులగుదురు. విద్యార్థి నాటక సమాజములకును అట్టి ముగింపు ఒకటి కావలెను. తెర దిగిన తరువాత దీపములు ఆర్పుటకు ముందు, వచ్చినవారందరును ఉన్నారా, ఎవరెట్లున్నారు అని ఒక్కమారు చుట్టును చూచుటయే ఆ ముగింపు.

వేదిక అంచున ఒంటిగా కూర్చున్న ఆ విద్యార్థివద్దకు ప్రాంప్టరు పోయి కూర్చుండెననుకొనుడు. అతడు విన్నాడు. మరునాడు ఇరువురును కలిసి సలహాదారు గదికి పోయిరి. ఆ యేట తండ్రి వేషము మరియొకడు వేసెను. నాటకము ఆగలేదు. మరుసటి సంవత్సరము క్రొత్త విద్యార్థులకు మాటలందించుచు, తెరవెనుక పుస్తకము పట్టుకొని నిలిచినది ఆ మొదటి విద్యార్థియే కావచ్చును. ప్రతి సమాజములోను ఇట్లు జరుగవచ్చును. దానికి కావలసినది పెద్ద ధనము కాదు, గొప్ప పాండిత్యము కాదు. మాట మరచినవానికి మాటనందించు అలవాటు నాటకమువారికి ఎట్లును కలదు. ఆ అలవాటును వేదిక దిగిన తరువాతకూడ కొనసాగించినచో చాలును.